జిమ్ మెక్లీన్ గురించి రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

జిమ్ మెక్లీన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1971 డిసెంబరు నుంచి 1993 దాకా స్కాట్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు డండీ యునైటెడ్‌కు మేనేజరుగా ఆయన సాధించినవన్నీ, 1979, 1980 లీగ్ కప్పులు, 1983 లీగ్ టైటిల్, 1987లో బార్సిలోనాపై రెండు గెలుపులు, తేదీలతో సహా సరిగానే రాశావు. అయినా చదవడం పూర్తయ్యాక ఆ మనిషి నా కళ్లకు కట్టలేదు.

నేనైతే ఆ వీధితో మొదలుపెట్టేవాణ్ణి. డండీ నగరంలోని రెండు క్లబ్బుల మైదానాలూ, టానడైస్, డెన్స్ పార్క్, ఒకే వీధిలో నాలుగడుగుల దూరంలో ఉంటాయి. మెక్లీన్ డండీ క్లబ్బులో కోచ్ పని వదిలి, అదే వీధిలో కాస్త అవతలికి నడిచి యునైటెడ్‌లో చేరాడు. ఆ తరువాత రెండు లీగ్ కప్పులూ గెలిచింది పాత క్లబ్బు మైదానమైన డెన్స్ పార్క్‌లోనే, 1983 మే 14న ఆ పాత క్లబ్బునే 2-1తో ఓడించి టైటిల్ దక్కించుకున్నదీ అక్కడే. ఇంతటి కథను చేతిలో పెట్టుకుని పట్టికతో మొదలుపెట్టావేమిటి? ఆయన వడ్రంగం నేర్చినవాడన్న మాట మాత్రం ఒక్కసారి చెప్పి వదిలెయ్యి, ఉలి, చిత్రిక అంటూ పోలికలు సాగదీయకు.

"క్రమశిక్షణకు మారుపేరు" అన్నచోట నాకు నా తొలి వ్యాసం గుర్తొచ్చింది. ఒక కోచ్‌ను నేనూ అలాగే పొగిడితే, ఆయన దగ్గర ఆడిన కుర్రాడొకడు వచ్చి, "ఆయన తిట్లు మీరెప్పుడైనా విన్నారా?" అని అడిగాడు. మెక్లీన్ కుర్ర ఆటగాళ్లను దీర్ఘకాల ఒప్పందాలతో కట్టిపడేసిన సంగతీ, 2000లో క్లబ్ ఛైర్మన్‌గా ఉండగా ఒక విలేకరిపై చేయి చేసుకుని పదవి వదులుకున్న సంగతీ నువ్వు దాటవేశావు. అవి లేకుండా ఆయన లేడు.

స్కాటిష్ కప్ ఫైనల్‌లో ఆయన ఆరుసార్లు ఓడిపోయాడు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో కానిచ్చావు. 1991 ఫైనల్‌లో ఎదురుగా ఉన్న మదర్‌వెల్ జట్టుకు మేనేజరు ఆయన సొంత తమ్ముడు టామీ. ఆటకు కొద్ది రోజుల ముందే వాళ్ల తండ్రి కన్నుమూశాడు. అదనపు సమయం దాకా సాగిన ఆటలో తమ్ముడి జట్టు 4-3తో గెలిచింది. ఇక్కడ రక్తసంబంధం, విధి లాంటి మాటలేవీ వద్దు, జరిగింది జరిగినట్టు చెప్పు.

ఆ పేరా తిరగరాసి పంపు. 1994లో యునైటెడ్‌కు స్కాటిష్ కప్ తొలిసారి దక్కే నాటికి మేనేజరు కుర్చీలో వేరొకరున్నారు. ఆ సంగతిని ఎక్కడ చెబుతావో చూడాలని ఉంది.