బాడుగ లారీలకేనా?

సందేహం: మాది నెల్లూరు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి బంజారాహిల్స్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో దిగాం. మొన్న ఓనరు గారికి "ఈ నెల బాడుగ వేశాం, చూసుకోండి" అని మెసేజ్ పెడితే, "బాడుగ లారీలకమ్మా, ఇంటికి అద్దె అనాలి" అని నవ్వారు. మా వారిది కరీంనగర్, ఆయన కిరాయి అంటారు. ఏది సరైన మాట?

సమాధానం: అమ్మా, ఓనరు గారు డబ్బు అందాకే నవ్వారు కదా, సంతోషం. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కృష్ణా, గుంటూరు వైపు ఇంటికి అద్దె, బండికి బాడుగ అనే తేడా నిజంగానే ఉంది. తన ఊరి అలవాటునే తెలుగు మొత్తానికీ వ్యాకరణం అనుకున్నారు, అంతే. మీ నెల్లూరులో, చిత్తూరు, కడపల్లో "బాడుగింట్లో ఉన్నాం" అంటే ఎవరూ లారీ కోసం వెతకరు.

బాడుగ ఏమంత చిన్నింటి పిల్ల కాదు. సంస్కృతంలో భాటకం అంటే కూలి, అద్దె. ప్రాకృతాల్లోకి దిగేసరికి ట కాస్తా డ అయింది, హిందీవాళ్లు భాడా అన్నారు, కన్నడిగులు బాడిగె, తమిళులు వాడగై, మనం భ కింది ఒత్తు వదిలేసి బాడుగ. దీనికి దగ్గర చుట్టం భటుడు. కత్తి పట్టినవాడని కాదు, జీతానికి కుదిరినవాడని దాని అసలు అర్థం. భృత అన్న మాటే నలిగి భట అయిందని పండితులు చెబుతారు, నృత్తం పక్కన నటనను పెట్టి చూడండి, అదే దారి. భృ అంటే మోయడం, పోషించడం. భారం అక్కడిదే, నిరుద్యోగ భృతిలోని భృతీ అక్కడిదే. భరించేవాడు భర్త, భరించవలసినది భార్య (ఈ రోజుల్లో ఎవరు ఎవరిని భరిస్తున్నారో మీ బ్యాంకు ఖాతాలకే తెలియాలి, నాకెందుకు). అంటే మీ ఫ్లాట్‌లో భార్య, భర్త, బాడుగ ముగ్గురూ ఒకే వంశం వాళ్లు! పైగా మీరున్నది బంజారాల పేరు పెట్టుకున్న గుట్టల మీద. దక్కన్ అంతటా ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసినవాళ్ల పేటలో మోతలోంచి పుట్టిన మాట పనికిరాదంటే ఎట్లా?

కిరాయి అరబ్బీది, ఫారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. మీ వారి మాటకు ఢోకా లేదు. పత్రికలవాళ్లు దాన్ని హంతకులకీ గూండాలకీ తగిలించి కొందరి చెవికి కటువు చేశారు గానీ, తెలంగాణ ఇళ్లలో అది రోజువారీ మాట. పొలానికైతే కౌలు. అదీ అరబ్బీదే, 'మాట' అని అర్థం, ఖవ్వాలీ దాని తోబుట్టువు. ఇప్పుడు మాట ఒక్కటే చాలదు, 11 నెలల అగ్రిమెంటు కావాలి.

నాకు చిరాకు పుట్టించేది ఈ మూడింటిలో ఏదీ కాదు, "రెంట్ పే చేశాం" అనడం. చెల్లించడం అనే చక్కటి క్రియ ఏమైపోయింది? కనకాభిషేకం అందుకున్న శ్రీనాథుడు ముసలితనంలో బొడ్డుపల్లెలో భూమి గుత్తకు పట్టాడట. పంట కృష్ణా నది పాలైంది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. ఆ బాకీకి నడివీధిలో ఎండలో నిలబెడితే "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" అని వాపోయినట్టు ఆయన పేర చాటువు ఉంది. ఆ పాదంలో 'చెల్లింతు' తీసేసి 'పే చేతు' పెట్టి చదవండి, మీకే తెలుస్తుంది. గేటుకి వేలాడే "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" బోర్డు ఇంకో తలనొప్పి. ఇచ్చేవాడు లోపల ఫ్యాను కింద కూర్చునే ఉన్నాడు కదా, "ఇల్లు అద్దెకిస్తాం" అంటే ఏం పోయింది?

ఇక తీర్పంటారా, అద్దె ఎక్కువమందికి తెలిసిన మాట కాబట్టి ఆఫీసులో చూపించే రసీదులో ఓనరు గారిని అదే రాయనివ్వండి. ఇంట్లో మీ వారు కిరాయి అంటే అననివ్వండి, ఫోన్లో మీరు బాడుగ అనండి. ఓనరు గారు మళ్లీ నవ్వితే భటుడి కథ చెప్పొచ్చు, అయితే బాడుగ పెంచే నెలలో మాత్రం వద్దు.