సరదాగా ఎలక్ట్రానిక్స్ చేసుకునేవాళ్లు అన్ని పనులకూ పనికొచ్చే కొత్త హోమ్ కంప్యూటర్‌ని సొంతంగా డిజైన్ చేయగలరా?

చేయగలరు, చేశారు కూడా. ద 8-బిట్ గై యూట్యూబ్ చానల్ నడిపే డేవిడ్ ముర్రే 2019లో తన కలల కంప్యూటర్ ఎలా ఉండాలో చెప్పారు. అదే కమాండర్ ఎక్స్16 అయి 2023లో జనం చేతికొచ్చింది. 8 మెగాహెర్ట్జ్ 65సీ02 ప్రాసెసర్, ఆన్ చేయగానే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. ‘అన్ని పనులకూ పనికొచ్చేది’ అంటే మీ ఉద్దేశం ఇవాళ్టి వెబ్ బ్రౌజర్ నడవాలని అయితే మాత్రం ఆశ వదులుకోండి. ఆటలు, లెక్కలు, రాతపని, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం చాలనుకుంటే భేషుగ్గా అవుతుంది.

నేనూ 65సీ02తో, సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు మీద ఒకటి కట్టాను. చిల్లర సామాను కోఠీ గుజరాతీ గల్లీలో, ప్రాసెసర్ ఆన్‌లైన్‌లో కొన్నాను. ప్రాసెసర్ అంటే భయం అక్కర్లేదు. మెమరీ పెట్టకముందే దాని 8 డేటా పిన్నులకూ రెసిస్టర్లతో ఈఏ (EA, బైనరీలో 11101010) అనే విలువ కట్టేయండి. 65సీ02 భాషలో అది ‘ఏమీ చేయకు’ అనే ఆదేశం. ప్రాసెసర్ పనికి అడ్డుపడగల ఆర్‌డీవై, ఐఆర్‌క్యూ, ఎన్‌ఎమ్‌ఐ, బీఈ పిన్నులు 5 వోల్టులకు కట్టడం మరవకండి. క్లాక్‌ని (ప్రాసెసర్‌ని అడుగడుగునా నడిపించే సిగ్నల్‌ని) బాగా నెమ్మదిగా నడిపితే, మెమరీలో ఏ చోటు కావాలో చెప్పే అడ్రస్ పిన్నులకు పెట్టిన ఎల్‌ఈడీలు రెండు క్లాక్‌లకో అంకె చొప్పున బైనరీలో లెక్కపెడుతూ పోతాయి. రీసెట్ నొక్కితే ఆ లెక్క ఈఏఈఏ దగ్గర మొదలవుతుంది. ప్రోగ్రాం ఎక్కడుందో చూసుకునే చోట కూడా దానికి కనిపించేవి ఆ ఈఏలే మరి! అది కళ్లారా చూశాక ర్యామ్, రోమ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) చిప్పులు తగిలించడం పెద్ద పనేం కాదు.

అసలు తంటా వీడియోతో. మానిటర్‌కి పంపే 640×480 చుక్కల వీజీఏ బొమ్మకు దాదాపు 40 నానోసెకన్లకో చుక్క పంపాలి. 8 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఒక్క క్లాకే 125 నానోసెకన్లు. అంటే బొమ్మ గీయడానికి వేరే చిప్పు ఉండి తీరాలి. 1980ల నాటి హోమ్ కంప్యూటర్ కమోడోర్ 64లో బొమ్మ గీసిన విక్-2 లాంటి చిప్పులు ఇప్పుడు తయారవడం లేదు. అందుకే ఎక్స్16లో కూడా ఫ్రాంక్ వాన్ డెన్ హోవెన్ చేసిన వెరా అనే ఎఫ్‌పీజీఏ (కావాల్సిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్పు) బోర్డే ఆ పని చేస్తుంది.

దానికన్నా ముఖ్యమైనది సాఫ్ట్‌వేర్. నా యంత్రంలో నేను రాసిన ప్రోగ్రాములే నడుస్తాయి, ఎందుకంటే అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. ఎక్స్16కి బోర్డు కంటే ముందే ఎమ్యులేటర్ (మామూలు కంప్యూటర్‌లో దాన్ని అనుకరించే ప్రోగ్రాం) వచ్చింది. బోర్డు చేతిలో లేకుండానే జనం ఆటలు రాసేశారు. ఆ ప్రాజెక్టు నిలబడింది దానివల్లేనని నా నమ్మకం.

కాబట్టి మీరు మొదలుపెట్టేటట్లయితే ముందు మెమరీ మ్యాప్ (ఏ అడ్రస్‌లో ఏముంటుందో చెప్పే పట్టిక) కాగితం మీద ఖాయం చేసుకోండి, తర్వాత ఎమ్యులేటర్, ఆ తర్వాతే సోల్డరింగ్. వీడియోకి ఎఫ్‌పీజీఏ కష్టమనిపిస్తే రాస్ప్‌బెర్రీ పై పీకో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు, దానితో వీజీఏ తీసుకోవచ్చు. జెడ్80 అనే మరో ప్రాసెసర్ వైపు మాత్రం వెళ్లకండి. ఆ పాత 40 పిన్నుల చిప్పుకి 2024లోనే తయారీ సంస్థ జైలాగ్ ఆర్డర్లు ఆపేసింది. 65సీ02ని వెస్టర్న్ డిజైన్ సెంటర్ ఇప్పటికీ కొత్తగా అమ్ముతోంది.