ఎలుక శాంపిల్‌లో 50 దగ్గర వచ్చే బ్యాండ్ నిజంగా పి53యేనా?

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) అనుకోని బ్యాండ్లు వచ్చాయి, యాంటీబాడీ పాడైందా అని అడిగారు. పాడవలేదు. కొత్త వయల్ ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి ఆగండి.

మీరు మౌస్ లివర్, స్ప్లీన్ లైసేట్లలో (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) పి53 ప్రోటీన్ చూడటానికి డీఓ-1 అనే మౌస్ మోనోక్లోనల్ (ఎలుక నుంచి వచ్చిన, ఒకే చోటును పట్టే యాంటీబాడీ) వాడారు. 50 కిలోడాల్టన్ల దగ్గర దట్టంగా ఒక బ్యాండ్, 25 దగ్గర మరొకటి వచ్చాయి. డేటాషీట్ బొమ్మలో మాత్రం ఒక్కటే ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ రెండింటిలో ఏదీ పి53 కాదనిపిస్తోంది. రెండూ ఆ ఎలుక సొంత యాంటీబాడీల ముక్కలై ఉంటాయి.

ప్రైమరీ (ప్రోటీన్‌ను పట్టే మొదటి యాంటీబాడీ) ఎలుకది కాబట్టి మీరు యాంటీ-మౌస్ సెకండరీ (ఎలుక యాంటీబాడీని పట్టి సిగ్నల్ ఇచ్చే రెండోది) వేస్తారు. మీరు పోసిన డీఓ-1 ఏది, రక్తంతోపాటు లైసేట్‌లోకి వచ్చిన ఐజీజీ (ఆ ఎలుక సొంత యాంటీబాడీ) ఏది అన్న తేడా దానికి తెలియదు. ప్రోటీన్ గొలుసుల మధ్య బంధాలను తెంచే డీటీటీ లేదా బీటా-మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగిస్తే ఐజీజీ విడిపోతుంది. దాని పెద్ద ముక్క హెవీ చైన్ 50 దగ్గర, చిన్న ముక్క లైట్ చైన్ 25 దగ్గర తేలతాయి. పి53 కూడా సరిగ్గా ఆ 50 పక్కనే ఉండటం వల్లే ఇంత గందరగోళం. డేటాషీట్ బొమ్మలు చాలావరకు కల్చర్‌లో పెంచిన మనిషి కణాలవి. వాటిలో ఎలుక ఐజీజీ ఎక్కడి నుంచి వస్తుంది?

మా ల్యాబ్‌లో స్ప్లీన్ శాంపిల్స్‌తో ఇదే టెన్షన్ పడ్డాం. ఎవరిని అడిగినా బ్లాకింగ్ (యాంటీబాడీ ఊరికే అంటుకోకుండా మెంబ్రేన్‌ను కప్పడం) పెంచమనో, పాలపొడి మానేసి బీఎస్ఏ వాడమనో, ఇంకా ఎక్కువ సేపు కడగమనో చెప్పేవారు. వీటివల్ల పని జరగదు. అది మెంబ్రేన్‌కు ఊరికే అంటుకున్న మురికి కాదు కదా! సెకండరీ తన పని తాను చక్కగా చేస్తోంది. స్ప్లీన్‌లో ఐజీజీని తయారుచేసే కణాలే ఉంటాయి, కాబట్టి అక్కడ సమస్య మరీ ఎక్కువ. లివర్‌ను తీసేముందు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో పెర్‌ఫ్యూజ్ చేసి రక్తం కడిగేస్తే అక్కడ కొంత తగ్గుతుంది.

నా మాట నమ్మే ముందు మీరే తేల్చుకోండి. అదే మెంబ్రేన్ నుంచి ఒక ముక్క కోసి, ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేయండి. రెండు బ్యాండ్లూ అలాగే వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అదే శాంపిల్‌ను డీటీటీ లేకుండా కూడా ఒక లేన్‌లో నడపండి. 50 దగ్గరిది చాలావరకు మాయమై, పైన 150 దగ్గర కనిపిస్తే అది ఐజీజీయే.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. డీఓ-1 ఎలుక పి53ని గుర్తుపట్టదు. అది పట్టుకునేది మనిషి పి53 మొదట్లో, 20 నుంచి 25 వరకు ఉన్న అమైనో ఆమ్లాల వరుసను. మనిషిలో 21వ స్థానంలో ఉండే ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు ఎలుకలో గ్లైసిన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పు చాలు. అంటే ఐజీజీ గొడవ మొత్తం వదిలించుకున్నా మీ మెంబ్రేన్ ఖాళీగానే ఉండేది. మోనోక్లోనల్ బలం, బలహీనత రెండూ ఇదే: ఒకే చోటును పట్టుకుంటుంది, ఆ చోటు మారితే చేతులెత్తేస్తుంది. అందుకే డేటాషీట్‌లో బొమ్మ కంటే ముందు ఏ జాతిలో పనిచేస్తుందో, ఎపిటోప్ (యాంటీబాడీ పట్టే చోటు) ఎక్కడుందో చూడాలి. చాలామంది డైల్యూషన్ ఒక్కటి చూసి మూసేస్తారు.

మీ పనికి కుందేలు యాంటీబాడీ, యాంటీ-రాబిట్ సెకండరీ తీసుకోవడం అన్నిటికన్నా సులువు. ఎలుక పి53కి సీఎం5 అనే రాబిట్ పాలీక్లోనల్ (వేర్వేరు చోట్లను పట్టే యాంటీబాడీల మిశ్రమం) ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. మౌస్ మోనోక్లోనలే కావాలంటే ఎలుక పి53ని గుర్తించే 1సీ12 లాంటి క్లోన్ తీసుకుని, లైట్ చైన్‌ను మాత్రమే పట్టే సెకండరీ వేయండి. 25 దగ్గర బ్యాండ్ మిగులుతుంది కానీ 50 చుట్టూ ఖాళీ అవుతుంది. సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్ హెచ్‌ఆర్‌పీని నేరుగా తగిలించిన ప్రైమరీ దొరికితే సెకండరీయే అక్కర్లేదు. ఐసోటైప్‌ను (ప్రైమరీ ఏ ఉపరకం ఐజీజీయో) బట్టి సెకండరీ ఎంచుకోమని కూడా కొందరంటారు. ఎలుక రక్తంలో రకరకాల ఐజీజీలు ఉంటాయి కాబట్టి దాంతో సమస్య తగ్గుతుందే తప్ప పోదు.

కంట్రోల్స్ గురించి కూడా ఆలోచించండి. ఏ ఒత్తిడీ లేని కణజాలంలో ఎండీఎం2 అనే ప్రోటీన్ వల్ల పి53 ఎప్పటికప్పుడు విరిగిపోతూ చాలా తక్కువగా ఉంటుంది. మామూలు లివర్‌లో అంత దట్టమైన బ్యాండ్ రావడమే అనుమానించాల్సిన విషయం. రేడియేషన్ ఇచ్చిన ఎలుక థైమస్ పాజిటివ్‌గా బాగుంటుంది. నెగటివ్‌గా పి53 నాకౌట్ (ఆ జన్యువు తీసేసిన) ఎలుక కణజాలం కాస్త ఎవరైనా ఇస్తే దానికి మించింది లేదు.

లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందా అని చూడటానికి) డీఎం1ఏ అనే ట్యూబ్యులిన్ యాంటీబాడీ వాడుతుంటే మానేయండి. అదీ మౌస్ మోనోక్లోనలే, అదీ 50 దగ్గరే. 37 దగ్గర వచ్చే జీఏపీడీహెచ్ ప్రోటీన్ అయితే ఈ రెండు చైన్ల మధ్యలో విడిగా కనిపిస్తుంది.

డీఓ-1 వయల్ పారేయకండి, మనిషి కణాలకు చక్కగా పనిచేస్తుంది. సెకండరీ మాత్రమే వేసిన ముక్క ఫొటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఎక్స్‌పోజర్ మాత్రం అసలు బ్లాట్‌కు ఇచ్చినంతే ఇవ్వండి.