ఒకే ఇంట్లో రెండు కార్తీకాలు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. దసరా సెలవులు అయిపోయి మంచు మొదలైన దగ్గర నుంచి, నాలుగో తరగతి చదువుతున్న తొమ్మిదేళ్ల కొడుకుకు జలుబు వదలడం లేదు. తరగతిలో కునికిపాట్లు పడుతున్నాడని మాస్టారు కబురు పెట్టారు. అత్తగారు వాణ్ణి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి నూతి దగ్గర కార్తీక స్నానం చేయిస్తున్నారు. రాత్రిపూట పెరుగు పెట్టవచ్చా, ఈ కాలంలో పిల్లల విషయంలో ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి అని ఆమె అడిగారు.

అమ్మా,

పెరుగు పెట్టండి. జలుబు పెరుగు వల్ల రాదు, వైరస్ వల్ల వస్తుంది. అది కూడా ఎక్కువగా పక్క బెంచీ పిల్లవాడి దగ్గర నుంచే వస్తుంది కాబట్టి బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. వానలు వెనకబట్టే ఈ రోజుల్లో నేను జలుబు కంటే దోమకు ఎక్కువ భయపడతాను. డెంగీ దోమ పగటిపూట, మలేరియా దోమ రాత్రిపూట కుడతాయి గనుక బడికి నిండు చేతుల చొక్కా, పడకకు దోమతెర రెండూ కావాలి. జ్వరం వస్తే రక్తపరీక్ష మర్నాటికి వాయిదా వేయకండి. మీరు అడిగినదానికి ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

మీరు అడగనిది మూడో పేజీలో ఉంది. "కార్తీకం వచ్చేసిందని మీ అమ్మకు చెప్పు" అని అత్తగారు వాడితో అంటారనీ, "దీపావళి ఇంకా వెళ్లలేదని నానమ్మకు చెప్పు" అని మీరు అంటారనీ, వాడు తడి తలతో తువ్వాలు చుట్టుకుని వంటగదికీ నూతికీ మధ్య నిలబడి ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోస్తాడనీ నవ్వుతూ రాశారు. నాకు నవ్వు రాలేదు. ఒకే కప్పు కింద ఉండే ఇద్దరు పెద్దవాళ్లు తొమ్మిదేళ్ల పిల్లవాడి నోటితో పోట్లాడుకోవడం వాడి జలుబు కంటే పెద్ద జబ్బు.

పోనీ, తగవులో ఎవరిదైనా తప్పుందా అంటే అదీ లేదు. ఒడిశాలో నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి కుమార పూర్ణిమ, అంటే మన ఆశ్వయుజ పున్నమి, మర్నాడే కార్తీకం మొదలవుతుంది. ఆంధ్రలోని టెక్కలిలో పుట్టి పెరిగిన మీకు నెల అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి దీపావళి దాటాలి. కోడలిగా వచ్చి పదకొండేళ్లయినా ఈ పక్షం రోజుల తేడాను ఆవిడ దగ్గర కూర్చుని ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదంటే, మీకు అడ్డు వచ్చింది పంచాంగం కాదు. మీవారు "మీరిద్దరూ తేల్చుకోండి" అని తప్పుకున్నారన్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన మాటే సరైనది.

అత్తగారికి ఎదురు చెప్పకూడదన్న మర్యాదతో ఊరుకున్నానంటారా? పిల్లవాడి చేత చెప్పించడం ఎదురు చెప్పడం కాదా? పెద్దల పట్ల గౌరవం అంటే ముఖాముఖి మాట్లాడే ధైర్యం కూడా అని నేను నమ్ముతాను. ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి లేచాక మీరే వెళ్లి, లెక్క చెప్పండి: ఈ వయసు పిల్లవాడికి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, ట్యూషన్ నుంచి వచ్చి, తిని, పడుకునేసరికి పది అవుతోంది, నాలుగున్నరకు లేస్తే ఆరున్నర గంటలే అవుతోంది. ట్యూషన్‌లో కోత పెట్టి వాణ్ణి తొమ్మిదింటికల్లా పడుకోబెట్టడం మీ బాధ్యత. ఆరింటి వరకూ లేపకపోవడం ఆవిడ బాధ్యత.

వ్రతం మానమని మాత్రం అనకండి. వీలైతే ఒక సోమవారం వాడి బదులు మీరే లేచి ఆవిడకు నీళ్లు తోడండి. ముందు రాత్రి పెందలాడే పడుకోబెట్టి, వాణ్ణి రెండు తెల్లవారుజాములకు మాత్రం లేపండి: పున్నమినాడు నానమ్మతో అరటి డొప్ప పడవ వదలడానికి, పోలి పాడ్యమినాడు మీతో దీపాలు వదలడానికి.