బేస్‌బాల్‌లో ఫోర్స్ అవుట్‌కూ ట్యాగ్ అవుట్‌కూ తేడా

అమలాపురం మాస్టారికి నమస్కారం. మీ బడి మైదానంలో బేస్‌బాల్ ఆడుతుండగా, ఫీల్డర్ రెండో బేస్‌ను (పరుగెత్తేవారు వరుసగా చేరాల్సిన గుర్తుల్లో రెండోదాన్ని) తొక్కగానే ఒక రన్నర్‌ను, అంటే బేస్‌ల మధ్య పరుగెత్తే ఆటగాణ్ణి, అవుట్‌గా ప్రకటించారని, కాసేపటికి అక్కడే మరొకరిని బంతితో తాకాలన్నారని, ఏది సరైనదని అడిగారు. రెండూ సరైనవే కావచ్చు.

ఒకే బేస్‌పై ఇద్దరు రన్నర్లు నిలవడానికి వీల్లేదు. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టి మొదటి బేస్‌కు పరుగెత్తితే, అక్కడున్న రన్నర్ రెండో బేస్‌కు కదలక తప్పదు కనుక, అతను చేరేలోపు బంతి చేతిలో ఉన్న ఫీల్డర్ ఆ బేస్‌ను తొక్కితే చాలు. ఇది ఫోర్స్ అవుట్. అయితే ఫీల్డర్లు ముందుగా మొదటి బేస్‌ను తొక్కి బ్యాటర్‌ను అవుట్ చేస్తే, ముందున్న రన్నర్‌కు వెనక్కి తిరిగివచ్చే వీలు కలుగుతుంది. అప్పుడు బంతితో గానీ, బంతి ఉన్న గ్లవ్‌తో గానీ అతణ్ణి తాకాల్సిందే. ఇది ట్యాగ్ అవుట్. బాగా ఆడేవారు కూడా తడబడేది ఇక్కడే కాబట్టి, ఈ క్రమాన్ని పిల్లల చేత మెల్లగా నడిపించి చూపండి.

 

బేస్‌ల మధ్య 90 అడుగులనేది పెద్దల కొలత, చిన్నపిల్లలకు 60 అడుగులు చాలు. బేస్‌లుగా ఇసుక నింపిన గోనెసంచులు వాడుతున్నామన్నారు. కోనసీమ వానలకు తడిసినవి కాలు జారుస్తాయి కనుక, వాటి బదులు పల్చని రబ్బరు చాపలు పరచమని నా మనవి.