తెల్లవారుజామున ఆకలి, మధ్యాహ్నం నిద్ర

ప్రశ్న: మా అమ్మాయి ఉండే దేశం మాకు తూర్పున, ఎనిమిది గంటలు ముందుంటుంది. పోయినసారి వెళ్ళినప్పుడు వారమంతా తెల్లవారుజామున నాలుగింటికి ఆకలి, మధ్యాహ్నం ఒంటిగంటకు కంచం ముందు కునికిపాట్లు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. మధుమేహానికి మాత్రలు వాడుతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అది నిజమైన ఆకలే. అక్కడ తెల్లవారుజామున నాలుగైతే మీ ఇంట్లో రాత్రి ఎనిమిది. అక్కడి ఒంటిగంట మీ ఇంట్లో తెల్లవారుజామున అయిదు. మెదడులోని జీవగడియారం ముఖ్యంగా వెలుతురును బట్టి సర్దుకుంటుంది. కాలేయం, క్లోమం వంటి అవయవాల గడియారాలపై మాత్రం తిండి వేళల ప్రభావం ఎక్కువ. తూర్పు ప్రయాణంలో ఈ సర్దుబాటు రోజుకు సుమారు ఒక గంటే జరుగుతుంది. కాబట్టి బయలుదేరే ముందు మూడు రోజులు భోజనం, నిద్ర రోజుకొక గంట చొప్పున పెందలాడే కానివ్వండి.

అక్కడ దిగాక మూడు పూటలూ అక్కడి వేళకే తినండి, ఆకలి లేకపోతే కొద్దిగానైనా సరే. నాలుగింటికి ఆకలేస్తే ఏదైనా కాస్త తిని మళ్ళీ పడుకోండి, నిండు భోజనం వద్దు. కాఫీ మధ్యాహ్నం దాటాక తాగకండి. అందులోని కెఫీన్‌లో సగం సుమారు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. విమానంలో నిద్ర కోసం మద్యం తీసుకునేవారున్నారు. దానితో వచ్చే నిద్ర ముక్కలు ముక్కలవుతుంది.

చాలామంది పొరబడేది వెలుతురు దగ్గర. దిగగానే ఉదయపు ఎండలో తిరగమని అందరూ చెబుతారు. ఎనిమిది గంటల తేడాలో ఆ సలహా బెడిసికొడుతుంది. నిద్రలేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గుతుంది. దానికి ముందు పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి నెడుతుంది, తర్వాత పడేది ముందుకు జరుపుతుంది. ఇంట్లో ఆరింటికి లేచేవారికి ఆ ఘడియ సుమారు నాలుగు, అంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండు! అందుకని మొదటి రోజు పన్నెండు దాకా ఇంట్లోనే ఉండండి, బయటికి వెళ్ళక తప్పకపోతే నల్లకళ్ళద్దాలు పెట్టుకోండి. మధ్యాహ్నం తర్వాత ఆరుబయట నడవండి. తర్వాత రోజుకొక గంట చొప్పున ముందుగా బయటికి రావచ్చు. బయలుదేరే ముందే వేళలు మార్చుకుని ఉంటే, మొదటి రోజే ఆ మేరకు ముందుగా రావచ్చు.

ఇక మాత్రల సంగతి. గ్లిమెపిరైడ్ వంటివి వేసుకుని భోజనం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. విమానంలో పస్తు ఉండమనే సలహాలు మీకు పనికిరావు, చేతిసంచిలో తినేవి ఉంచుకోండి. ప్రయాణం రోజు మీకు ఇరవై నాలుగు గంటలుండదు, పదహారే. ఆ రోజు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏది మానాలో మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.