డిటెక్టర్‌కి వైరు లాగే ముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఫోన్లో హడావిడిగా మాట్లాడుకున్నాం, నువ్వేమో శనివారమే పని మొదలుపెడతానన్నావు, అందుకే భోంచేసి కూర్చుని ఇదంతా రాస్తున్నా. లైటర్ సాకెట్ నుంచి వేలాడే వైరు చేతికి అడ్డం పడుతోంది, తీసేసి రాడార్ డిటెక్టర్‌ని, అదే పోలీసుల స్పీడు రాడార్‌ని పసిగట్టి అరిచే పెట్టెని, కారు కరెంటుకే కలిపేస్తానన్నావు. మంచి పనే. నా కార్లకీ ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్ల కార్లకీ కలిపి ఓ పది దాకా చేశాను. కష్టమైన పనేం కాదు, కానీ తొందరపడితే చిక్కులు తెచ్చే పని.

వైరు కంటే ముందు వర్జీనియా సంగతి. ప్రైవేటు కార్లలో డిటెక్టర్ పెట్టుకోవడం అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ తప్పు కాదు, మీ నార్త్ కరోలినాలో కూడా కాదు. వర్జీనియాలోనూ వాషింగ్టన్ డీసీలోనూ మాత్రం తప్పే. నువ్వు కేరీ నుంచి మా ఇంటికి రావాలంటే దాదాపు 200 మైళ్లు వర్జీనియాలోనే నడపాలి. అక్కడ డిటెక్టర్ ఆపేసి ముందు అద్దం మీదే ఉంచితే సరిపోదు. దానికి కరెంటు అందకూడదు, నీకు గానీ పక్కనున్నవాళ్లకి గానీ చేతికి అందేలా ఉండకూడదు. డిటెక్టర్ ఉందో లేదో పసిగట్టే యంత్రాలు కూడా ఉన్నాయి, కాబట్టి దాచిపెట్టి నడిపేద్దాం అనుకోకు. బోర్డరు రాకముందే ఆగి, పీకి, డిక్కీలో సూట్‌కేసు కింద పెట్టెయ్. మేరీల్యాండ్‌లో లాన్‌హామ్ శివవిష్ణు ఆలయం దగ్గర ఎలాగూ ఆగుతావుగా, దర్శనం చేసుకుని అక్కడ మళ్లీ తగిలించుకో. అక్కయ్య వాళ్లు వచ్చినప్పుడు నయాగరా కెనడా వైపు తీసుకెళ్తే ఇంట్లోనే వదిలేసి వెళ్లు, ఒంటారియోలో అది కారులో ఉండటమే నేరం, లాగేసుకుంటారు కూడా.

అందుకే వైరు ఎంత పక్కాగా బిగించినా, డిటెక్టర్ దగ్గర మాత్రం ఒక్క చేత్తో ఊడివచ్చేలా ఉండాలి. హార్డ్‌వైర్ కిట్లలో, అంటే కారు కరెంటుకి నేరుగా కలిపే వైర్ల సెట్లలో, చాలావాటికి ఆ చివర పాత ల్యాండ్‌లైన్ ఫోను వైరుకుండే క్లిప్పులాంటిదే ఉంటుంది, నొక్కి లాగితే వచ్చేస్తుంది. నీ డిటెక్టర్ కంపెనీ అమ్మే కిట్టే కొను. క్లిప్పు చూడ్డానికి ఒకటే కదా అని ఇంకో బ్రాండుది పెట్టకు, లోపల ప్లస్సూ మైనస్సూ తారుమారుగా ఉంటే డిటెక్టర్ కాలిపోతుంది.

ఇక కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకోవాలి? నువ్వు ఫ్యూజు బాక్సు అన్నావు గానీ, నన్నడిగితే ముందుగా, వెనక వచ్చే బండ్లని చూసుకునే అద్దం సంగతి చూడు. రాత్రిపూట దానంతటదే మసకబారే రకమైతే దానికి వైర్లు వస్తుంటాయి. అక్కడే కరెంటు దొరికితే జానెడు వైరుతో పని అయిపోతుంది, ముందు అద్దం పక్కన రూఫ్‌ని మోసే స్తంభం, అదే పిల్లర్, దాని జోలికి పోనక్కర్లేదు. దానికోసం చేసిన చిన్న వైర్లు అమ్ముతారు, కొసన సన్నటి పిన్ను ఉంటుంది, అద్దం కనెక్టర్ వెనక వైపు నుంచి దూర్చాలి. వైరు కోయడం, గీకడం ఏమీ ఉండదు. దూర్చే ముందు మల్టీమీటర్‌తో చూడు, కారు ఆన్ చేస్తే 12 వోల్టులు రావాలి, ఆపితే పోవాలి. మీటర్ లేకపోతే ఒకటి కొను, మామూలుది చాలు. అది లేకుండా ఈ పనికి దిగొద్దు.

మామూలు అద్దమైతే ఫ్యూజు బాక్సే గతి. నీ కారు మాన్యువల్‌లో ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది, చూసుకో. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. మీటర్ నల్ల వైరు ఏదైనా ఇనుప బోల్టుకి ఆనించి, ఎర్ర మొనతో ఆ చుక్కల్ని ఒక్కొక్కటే తాకుతూ పో. కారు ఆపి ఉన్నప్పుడు సున్నా, ఆన్ చేయగానే 12 దాకా, ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గర చూపించేదే నీకు కావాల్సిన ఫ్యూజు. లైటర్ సాకెట్, రేడియో లాంటివైతే నయం. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజులు పొరపాటున కూడా ముట్టుకోకు. ఇంకో మాట, కారు ఆపాక కూడా కొన్నిటికి కాసేపు కరెంటు వస్తూనే ఉంటుంది. తాళం వేసి, ఇరవై నిమిషాలాగి మళ్లీ చూసుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిసారి నేను ఇక్కడే తప్పు చేశాను. ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకి కలిపాను. రోజూ ఆఫీసుకి నడిపినన్నాళ్లూ ఏమీ తెలియలేదు. మూడు వారాలు ఇండియా వెళ్లొచ్చేసరికి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో కారు కిక్కురుమనలేదు. ఫిబ్రవరి చలి, మీ అత్తయ్య ఒళ్లో చంటిపిల్ల, చుట్టూ నాలుగు పెట్టెలు. ఎవరో దయతలచి జంప్ స్టార్ట్ ఇచ్చేదాకా గంట పైనే నిలబడ్డాం. లెక్క వేసి చూడు, పావు ఆంపియరే లాగినా రోజుకి 6 ఆంపియర్ అవర్లు, వారానికి 42. మామూలు కారు బ్యాటరీ 50, 60 మధ్య ఉంటుంది, చలికి అదీ తగ్గుతుంది. ఆ రోజు నుంచి మీటర్ లేకుండా వైరు పట్టుకోలేదు.

సరైన ఫ్యూజు దొరికాక దాని చోట ఫ్యూజు ట్యాప్ పెట్టాలి, అందులో పాత ఫ్యూజూ నీ కొత్త ఫ్యూజూ రెండూ కూర్చుంటాయి. ట్యాపుల్లో సైజులు చాలా ఉన్నాయి, నీ ఫ్యూజు పీకి పక్కన పెట్టుకుని సరిపోయేదే తెప్పించుకో. కొత్త ఫ్యూజు 2 లేదా 3 ఆంపియర్లది చాలు. ఇంట్లో ఉంది కదా అని 10ది పెట్టకు, వైరు కాలుతున్నా అది మాత్రం ఎగిరిపోదు. ట్యాప్ తిప్పి పెట్టినా డిటెక్టర్ పని చేస్తుంది, అందుకే చాలామందికి ఆ తప్పు తెలియదు. పెట్టాక పాత ఫ్యూజు ఒక్కటీ పీకి చూడు. డిటెక్టర్ వెలుగుతూనే ఉంటే సరిగ్గా పెట్టినట్టు, ఆరిపోతే తిప్పి పెట్టు.

నల్ల వైరు, అదే ఎర్తు, పెయింటు లేని లోహానికే బిగించాలి. డ్యాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన బోల్టు ఏదైనా చూసి, కొంచెం వదులు చేసి, రింగు దాని కిందికి తోసి గట్టిగా బిగించు. ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూకి బిగించి, డిటెక్టర్ ఆగి ఆగి పని చేస్తోందని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు.

వైరు పైకి తీసుకెళ్లేటప్పుడు నాకు భయమేసేది ఒక్కచోటే, ముందు అద్దం పక్కనుండే ఆ పిల్లర్. పైన రూఫ్ అంచులో వేలితో నొక్కి దూర్చెయ్, అక్కడ ఇబ్బంది లేదు. కానీ పిల్లర్ లోపల, తలుపుల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచిపెట్టి ఉంటుంది. వైరు దాని ముందు నుంచి పోతే, ప్రమాదం జరిగిన ఆ క్షణంలో బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. పిల్లర్ కవరు విప్పి, బ్యాగ్ వెనక నుంచి, కంపెనీ వైర్ల వెంబడే నడిపించి వాటికే కట్టాలి. విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసి ఐదు నిమిషాలాగు. చెయ్యగలనో లేదో అనిపిస్తే ఆ ఒక్క ముక్కా కార్ ఆడియో షాపువాడికి వదిలెయ్. నీ పక్క సీట్లో మా మేనకోడలు కూర్చుంటుంది, అక్కడ లోభించకు.

టేపు మామూలు నల్ల ప్లాస్టిక్‌ది వద్దు, ఎండాకాలం జిగురు కారిపోతుంది. గుడ్డ టేపు దొరుకుతుంది, అది చుడితే వైరు గలగలమనదు.

అంతా అయ్యాక మొదటి వారం అది ఊరికే అరుస్తుంది. పక్క కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు, షాపుల ఆటోమేటిక్ తలుపులు కూడా కే బ్యాండ్ అనే రాడార్ తరంగాల్లోనే పనిచేస్తాయి. కేఏ బ్యాండ్ అనే ఇంకో రకం తరంగం అని చెబితే మాత్రం తేలిగ్గా తీసుకోకు, అది పోలీసు రాడార్‌దే కావచ్చు. పైగా అది మోగేలోపే పోలీసు నీ స్పీడు చూసేసి ఉండొచ్చు, లేజర్ అయితే మరీనూ. వర్జీనియాలో గంటకి 85 మైళ్లు దాటితే ఎంత లిమిట్ ఉన్న రోడ్డయినా రెక్‌లెస్ డ్రైవింగే, అది ఉత్త టికెట్ కాదు, క్రిమినల్ కేసు. వీసా ఫారాల్లో అలాంటి కేసుల గురించి అడుగుతారు, నీ గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. అక్కడ డిటెక్టర్ డిక్కీలో, కారు క్రూజ్ కంట్రోల్‌లో, ఒకే స్పీడులో.

శనివారం పొద్దున్న పది తర్వాత ఇంట్లోనే ఉంటాను. ఫ్యూజు బాక్సు మూత తీసి వీడియో కాల్ చెయ్, ఏ ఫ్యూజో ఇద్దరం చూశాకే ట్యాప్ పెడుదువు గాని.

మీ మామయ్య